ఉక్కు కర్మాగారం కుంగితే ముందుగా ఎవరి గేటు పాస్ పోతుంది?

2024 సెప్టెంబర్ చివర్లో విశాఖ ఉక్కు కర్మాగారంలో దాదాపు 4 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులను ఒక్కసారిగా తీసేసే ప్రయత్నం జరిగింది. షిఫ్టుకు వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. కార్మికులు రోడ్డెక్కారు. రీజినల్ లేబర్ కమిషనర్ దగ్గర చర్చలు జరిగాక యాజమాన్యం వెనక్కి తగ్గింది. కానీ ఆ తగ్గడం ఎక్కువ రోజులు నిలవలేదు. 2025లో తొలగింపులు మళ్లీ మొదలయ్యాయి. మే 20 నుంచి కాంట్రాక్ట్ కార్మికులు సమ్మెకు దిగారు.

ఈ వార్తలను పత్రికలు 'ప్రైవేటీకరణ వ్యతిరేక పోరాటం' అన్న శీర్షిక కింద వేశాయి. అది నిజమే. అయితే అందులో ఇంకో కథ ఉంది. కంపెనీ నష్టాల్లోకి జారినప్పుడు ఆ నష్టం అందరి మీదా సమానంగా పడదు. పై నుంచి కిందికి జారుతూ వస్తుంది. అట్టడుగున ఉన్నది ఎవరో మనకు తెలుసు. అది ఎలా జరుగుతుందో, ఏ చట్టం దారి ఇస్తుందో, ఏ తీర్పు తలుపు మూస్తుందో విడమరిచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నష్టం ఎలా పుట్టింది?

'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971లో శంకుస్థాపన జరిగింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ అనే సంస్థ ఏర్పడింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ రోజు దాని సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు.

ఇంత పెద్ద కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజం గని లేదు. ఖమ్మం జిల్లా మాదారంలో డోలమైట్, జగ్గయ్యపేటలో సున్నపురాయి, విజయనగరం జిల్లా గర్భాంలో మాంగనీసు గనులు ఉన్నాయి. అసలు సరుకైన ఇనుప ఖనిజాన్ని మాత్రం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ ధరకు కొనాలి. టాటా స్టీల్‌కూ, సెయిల్‌కూ సొంత గనులున్నాయి. పొరుగింటివాడు పెరట్లో పండిన ధాన్యంతో వండుకుంటుంటే మనం ప్రతి పూటా దుకాణంలో కొనుక్కుని వండినట్టు ఉంటుంది లెక్క. ఉక్కు ధర బాగున్నప్పుడు ఈ తేడా కనిపించదు. 2021–22లో సంస్థకు 900 కోట్ల రూపాయలకు పైగా లాభం వచ్చింది. ధర పడిపోగానే తేడా బయటపడింది. 2022–23లో 2,800 కోట్లకు పైగా, 2023–24లో 4,800 కోట్లకు పైగా నష్టం.

గని ఇవ్వకపోవడం ఢిల్లీ నిర్ణయం. దానికి తోడు యాజమాన్యం స్థాయిలో జరిగినవీ ఉన్నాయి. విస్తరణ కోసం తెచ్చిన అప్పులకు వడ్డీ పెరిగిపోతున్న కాలంలోనే ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలి జిల్లా లాల్‌గంజ్‌లో రైలు చక్రాల ఫ్యాక్టరీ మీద 1,600 కోట్లకు పైగా పెట్టారు. విశాఖకు ముడి సరుకు కొనడానికి డబ్బు చాలని రోజుల్లో ఆ పెట్టుబడి అక్కడ ఇరుక్కుపోయింది.

బ్లాస్ట్ ఫర్నేస్ సంగతి కూడా తెలుసుకోవాలి. అది స్విచ్ వేసి, తీసి నడిపే యంత్రం కాదు. రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. కోకింగ్ బొగ్గు దిగుమతి మీద ఆధారపడిన కర్మాగారంలో ఓడ రాకపోయినా, బొగ్గు రేవులో ఆగిపోయినా కొలిమి వేడి తగ్గించాల్సిందే. 2024 ఏప్రిల్‌లో గంగవరం పోర్టులో కార్మికుల సమ్మెతో బొగ్గు రాక నిలిచిపోయినప్పుడు ఇదే జరిగింది. 2024 సెప్టెంబర్ నాటికి మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచే స్థితి వచ్చింది. కొలిమి ఆగినా వడ్డీ ఆగదు. ఉత్పత్తి తగ్గితే టన్ను ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే నష్టం పెరుగుతుంది, నష్టం పెరిగితే బొగ్గు కొనడానికి డబ్బుండదు. ఈ చక్రంలో కార్మికుడు చేసిన తప్పు ఎక్కడా లేదు. అయినా పొదుపు అనగానే కళ్లు అతని మీదే పడ్డాయి. పర్మినెంట్ ఉద్యోగుల జీతాలు ఆలస్యమై, వాయిదాల్లో అందాయి. కొన్ని అలవెన్సులు ఆపారు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చారు. కాంట్రాక్ట్ కార్మికులకైతే ఏకంగా గేటు మూశారు.

ఒకే ప్రాంగణం, రెండు లోకాలు

2025 మొదట్లో కర్మాగారంలో 12 వేలకు పైగా పర్మినెంట్ ఉద్యోగులు, దాదాపు 14 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులు ఉన్నారు. అంటే పనిచేసేవారిలో సగానికి పైగా కంపెనీ జీతాల పట్టీలో లేరు.

పర్మినెంట్ ఉద్యోగానికి రోస్టర్ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల్లో అఖిల భారత స్థాయి బహిరంగ పోటీ నియామకాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం పోస్టులు కేటాయించాలి. ప్రతి సంస్థలో లైజన్ అధికారి ఉండాలి. అన్యాయం జరిగితే జాతీయ ఎస్సీ కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇది దయ కాదు, రాజ్యాంగంలోని 16(4) అధికరణం ఇచ్చిన హామీ.

కాంట్రాక్టర్ పెట్టుకునే మనిషికి రోస్టర్ లేదు. స్లాగ్ ఎత్తేవాళ్లు, కోక్ ఓవెన్ల దగ్గర దుమ్ము ఊడ్చేవాళ్లు, కాలనీ మురుగు కాల్వలు తీసేవాళ్లు, క్యాంటీన్ గిన్నెలు తోమేవాళ్లు ఏ కులాల నుంచి వస్తున్నారో ఏ రిజిస్టరూ అడగదు. అడగాల్సిన పని కూడా లేదు, ఎవరినైనా కళ్లు తెరిచి చూడమంటే చాలు. మంచి ఉద్యోగానికి రిజర్వేషన్ అమలు చేయమంటే 'ప్రతిభ' గుర్తొచ్చే వ్యవస్థకు, చీపురు పట్టే పనిలో మాత్రం చెప్పకుండానే వందకు వంద రిజర్వేషన్ అమలవుతుంది.

కర్మాగారం కోసం భూములిచ్చిన ఊళ్ల కథ కూడా దీనితో ముడిపడి ఉంది. 16 వేలకు పైగా నిర్వాసితులకు 'ఆర్ కార్డులు' ఇచ్చారు. శాశ్వత ఉద్యోగం దొరికింది వారిలో దాదాపు సగం మందికే. అప్పటి భూసేకరణలో పరిహారం పట్టాను చూసి ఇచ్చారు. పట్టా లేని కూలీకి పోయింది పొలం కాదు, పొలంలో పని. ఆ నష్టానికి చెక్కు రాయలేదు. అలాంటి కుటుంబాల బిడ్డలకు ప్లాంటులో తెరిచి ఉన్న తలుపు కాంట్రాక్ట్ గేటే. ఇప్పుడు మూస్తున్నది ఆ గేటునే.

తలుపు మూసిన తీర్పులు

'ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తుంటే పర్మినెంట్ ఎందుకు చేయరు?' అని చాలామంది అడుగుతారు. దానికి సమాధానం చట్టం చరిత్రలో ఉంది.

1970లో కాంట్రాక్ట్ కార్మిక (నియంత్రణ, రద్దు) చట్టం వచ్చింది. నిత్యం సాగే పనుల్లో కాంట్రాక్ట్ పద్ధతిని రద్దు చేసే అధికారం సెక్షన్ 10 ప్రభుత్వానికి ఇచ్చింది. 1976 డిసెంబర్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్వడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా వంటి పనులకు కాంట్రాక్ట్ కార్మికులను పెట్టకూడదని దాని సారాంశం. ఆ పనులు ఎవరు చేస్తున్నారో తలచుకుంటే ఆ నోటిఫికేషన్ విలువ తెలుస్తుంది.

1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కాంట్రాక్ట్ పద్ధతి రద్దయితే ఆ కార్మికులు నేరుగా అసలు యాజమాన్యం ఉద్యోగులవుతారని చెప్పింది. ఐదేళ్లు తిరగకుండానే, 2001 ఆగస్టు 30న, సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. తమంతట తాముగా విలీనం కావడం చట్టంలో లేదంది. 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. ఊడ్చేవాళ్లకు దొరికిన ఒకే ఒక్క ఆధారం అలా పోయింది.

అదే ఏడాది డిసెంబర్ 10న బాల్కో తీర్పు వచ్చింది. కోర్బాలోని ఆ అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటాను కేంద్రం స్టెరిలైట్‌కు అమ్మింది. ప్రభుత్వ సంస్థగా ఉన్నప్పటి రాజ్యాంగ రక్షణలు పోతాయని ఉద్యోగులు మొరపెట్టుకున్నారు. పెట్టుబడుల ఉపసంహరణ ఆర్థిక విధానమనీ, దాన్ని ఆపే హక్కు ఉద్యోగులకు లేదనీ కోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థ 12వ అధికరణం ప్రకారం 'రాజ్యం' కిందికి వస్తుంది. ప్రైవేటు చేతికి పోయిన రోజున ఆ హోదా పోతుంది, దానితో పాటు రోస్టరూ పోతుంది.

విశాఖకు ఇది దూరపు కథ కాదు. ఇదే నగరంలోని జింక్ స్మెల్టర్ హిందుస్తాన్ జింక్‌తో పాటు 2002లో అదే గ్రూపు చేతికి వెళ్లింది. పదేళ్ల తర్వాత మూతపడింది.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్ట్ కార్మికులు ఉండకూడదని కొత్త కోడ్ అంటుంది. వినడానికి బాగుంది. ఆ తర్వాతి వాక్యం చదవాలి. సంస్థ ఏర్పడిందే ఆ పనికోసం అయితే తప్ప పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, ఎగుమతి దిగుమతి వంటివి ప్రధాన కార్యకలాపాలు కావని అదే కోడ్ జాబితా ఇచ్చింది. 1976లో ఏ పనులకు రక్షణ దొరికిందో సరిగ్గా ఆ పనులనే ఇప్పుడు పేరు పెట్టి బయట నిలబెట్టారు. పైగా 20 మంది కాంట్రాక్ట్ కార్మికులుంటే వర్తించే నిబంధనలు ఇప్పుడు 50 మంది ఉంటేనే వర్తిస్తాయి.

అమ్మకుండానే పోతున్న రిజర్వేషన్

2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇక గండం గడిచిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ ప్యాకేజీ వచ్చిన ఏడాదిలోనే వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు, కాంట్రాక్ట్ కార్మికుల తొలగింపు సాగింది, విభాగాల నిర్వహణను బయటి సంస్థలకు అప్పగించేందుకు ప్రకటనలు వెలువడ్డాయి.

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలి. 1995 నాటి సభర్వాల్ తీర్పు తర్వాత రోస్టర్ ఖాళీల మీద కాదు, పోస్టుల మీద నడుస్తోంది. ఎస్సీ పాయింటులో చేరిన ఉద్యోగి రిటైరైతే ఆ పోస్టు మళ్లీ ఎస్సీ అభ్యర్థికే రావాలి. పోస్టునే రద్దు చేస్తే? ఆ మనిషితో పాటు ఆ తర్వాత రావాల్సిన మనిషి కూడా పోతాడు. వంద పోస్టులు రద్దయితే పదిహేను ఎస్సీ కుటుంబాలకు ఒక తరం పాటు కాదు, శాశ్వతంగా తలుపు మూసుకుంటుంది. ఆ పని మాత్రం మాయం కాదు. కాంట్రాక్టర్ దగ్గరికి వెళుతుంది. మన పిల్లలు అదే పని, అదే చోట, తక్కువ కూలికి, హక్కు లేకుండా చేస్తారు. ఒక్క షేరు కూడా అమ్మకుండానే ప్రైవేటీకరణ ఇలా జరిగిపోతుంది.

మరి ఏం అడగాలి?

మొదటిది, కర్మాగారానికి సొంత గని. అది లేకుండా ఇచ్చే ఏ ప్యాకేజీ అయినా చిల్లుకుండలో పోసిన నీళ్లే.

రెండోది, రద్దు చేస్తున్న ప్రతి పోస్టు రోస్టర్‌లో ఏ పాయింటో బయటపెట్టాలి. స్వచ్ఛంద విరమణ వల్ల ఎన్ని ఎస్సీ, ఎస్టీ పోస్టులు పోయాయో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఉద్యోగుల ఎస్సీ, ఎస్టీ సంఘాలు ఈ లెక్కతో జాతీయ కమిషన్ ముందుకు వెళ్లాలి.

మూడోది, కాంట్రాక్ట్ కార్మికుల జీతం. కాంట్రాక్టర్ ఎగ్గొడితే చెల్లించాల్సింది అసలు యాజమాన్యమే. 1970 చట్టంలో ఉన్న ఈ బాధ్యత కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. 'మీరు మా ఉద్యోగులు కాదు' అనే మాట దీని ముందు చెల్లదు. కాంట్రాక్టర్ మారినా కార్మికుడు మారకూడదన్న షరతును టెండర్‌లోనే రాయించుకోవాలి.

నాలుగోది యాజమాన్యానికి కాదు, మన కార్మిక సంఘాలకే. 1938లో మన్మాడ్‌లో రైల్వేల్లోని దళిత కార్మికుల సభలో అంబేడ్కర్ వారికి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పారు. ఆ రోజు రైల్వే యూనియన్లు గ్యాంగ్‌మ్యాన్ గోడు పట్టించుకోలేదు. ఈ రోజు ఉక్కు నగరంలో పర్మినెంట్ ఉద్యోగి పోరాటం, కాంట్రాక్ట్ కార్మికుడి పోరాటం పక్కపక్క టెంట్లలో సాగితే సరిపోదు. గేటు బయట నిలబెట్టిన 4 వేల మంది కోసం లోపలున్న పర్మినెంట్ ఉద్యోగులు పని ఆపిన రోజే అది ఒకే పోరాటం అవుతుంది.

32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం అని మనం గర్వంగా చెప్పుకుంటాం. అందులో రోజూ బూడిద ఎత్తే మనిషికి కూడా అది హక్కు అయినప్పుడే ఆ నినాదానికి అర్థం.