మందుకు లొంగని కణం

"మొదట్లో ఈ మందు కొడితే పురుగు రాలిపడేది, ఇప్పుడు చావదే!" మా ఆళ్ళగడ్డ వైపు రైతుల నోట ఈ మాట తరచు వింటాం. 1987లో కోస్తా జిల్లాల పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగక రైతులను నట్టేట ముంచింది. మందు బలం తగ్గిందా? కాదు. వేల పురుగుల్లో ఏ కొన్నిటికో తట్టుకునే శక్తి ముందే ఉంటుంది. మిగతావి చచ్చాక చేనంతా వాటి సంతానమే. క్యాన్సర్ కణాల కథా దాదాపు ఇంతే.

1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు రూపొందాయి. 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వెల్లడించిన ఫలితాల ప్రకారం, అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది రక్తక్యాన్సర్ పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అయితే అది తాత్కాలికమే. జబ్బు తిరగబెట్టింది.

కణం రెండు కావాలంటే డిఎన్ఎ తయారు కావాలి. అందుకు అవసరమైన ఒక ఎంజైమును మెథోట్రెక్సేట్ కట్టిపడేస్తుంది. 1978లో రాబర్ట్ షిమ్కే బృందం మొండికేసిన ఎలుక కణాలను పరిశీలిస్తే, వాటిలో ఆ ఎంజైము జన్యువుకు ఎన్నో నకళ్ళు కనిపించాయి. మందు కట్టేసినవి కట్టేయగా, మిగిలిన ఎంజైము పని సాగిస్తుంది! ఇంకొన్ని రకాల కణాలు లోపలికొచ్చిన మందును మోటారుతో నీళ్ళు తోడినట్లు బయటికి తోడేస్తాయి.

మరి ఈ మొండితనాన్ని కొలిచేదెలా? 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో కణాలను సమంగా పోసి, వరుస వరుసకూ మందు మోతాదు పెంచుతారు. రెండు మూడు రోజులయ్యాక ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుగా మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. రంగు ఎంత చిక్కనైతే అంత మంది బతికున్నట్లు లెక్క. 1983లో వచ్చిన పద్ధతి ఇది. రంగును సగానికి తగ్గించే మోతాదు మామూలు కణాలకు 1 వంతు, మరోదానికి 50 వంతులు కావాలనుకోండి. రెండోది 50 రెట్లు మొండిదన్నమాట. కీటకశాస్త్రంలో సగం పురుగులను చంపే మోతాదు కట్టడం ఇలాంటిదే.

అయితే పలక మనిషి కాదు. అందులో కాలేయం లేదు, రక్తప్రసారం లేదు. అక్కడ చచ్చిన కణం ఒంట్లోనూ చస్తుందని హామీ లేదు. అందుకే ఈ ఒక్క పరీక్షను చూసి డాక్టర్లు మందు నిర్ణయించరు. కాని మొండితనం గుట్టు తెలిపి, కొత్త మందులకు దారి చూపేది ఇలాంటి పరీక్షలే. ఒక మందును తప్పించుకున్న కణం మరోదానికి చిక్కాలని, నేడు పిల్లల రక్తక్యాన్సర్‌కు పలు మందులు కలిపి ఇస్తున్నారు. వాటిలో మెథోట్రెక్సేట్ ఇంకా ఉంది. మంచి వైద్యం అందిన చోట ఎక్కువ మంది పిల్లలు కోలుకుంటున్నారు.

మిత్రులారా! జబ్బు తిరగబెడితే మన పల్లెల్లో "రాత" అంటారు, చికిత్స మానిపిస్తారు. అది రాత కాదు, మిగిలిపోయిన కణాల పని. వాటినీ వెతికి పట్టేందుకే ఆఖరు మోతాదు దాకా మందు వాడాలని మన వాళ్ళకు చెప్పవలసింది సైన్సు చదివిన మనమే.