ముఖం మీది పుట్టుమచ్చను తీయించుకోవచ్చునా?

మాఘమాసపు పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయంటే నా వద్దకు ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "అయ్యా, పిల్ల చెంప మీది మచ్చ తీయాలె. సున్నం, సోడా కలిపి పెడితే ఊడిపోతదంటరు, నిజమేనా?" గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో వైద్యం చేస్తున్న నేను ఈ ప్రశ్న వినని సంవత్సరం లేదు. మచ్చ ఊడిపోయే మాట నిజమే. దానితోపాటు ఇంకా ఏమేమి పోతాయో ఆ తల్లులకు చెప్పేవారు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

సుశ్రుతుని మాట

పుట్టుమచ్చలు మన ప్రాచీనులకు తెలియనివి కావు. సుశ్రుతుడు వీటిని క్షుద్రరోగాలలో చేర్చాడు. చర్మానికి సమంగా, నువ్వుగింజంత నల్లగా, నొప్పి లేకుండా ఉండేది తిలకాలకము. మినపగింజ వలె ఉబ్బి ఉండేది మషకము. చికిత్సాస్థానం ఇరవయ్యో అధ్యాయంలో వీటిని శస్త్రంతో తొలగించి, ఆపైన క్షారంతో గాని అగ్నితో గాని మెల్లమెల్లగా దహించమన్నాడు. అయితే అదే మహర్షి సూత్రస్థానంలో, తెలివితక్కువవాడు ప్రయోగించిన క్షారం విషం వంటిది, పిడుగు వంటిది, మృత్యువు వంటిది అని హెచ్చరించాడు. మనవారు మొదటి మాట గుర్తుంచుకుని రెండవ మాట మరచిపోయారు.

సున్నం, సోడా, నల్లజీడి

తడి సున్నంలో చాకలి సోడా కలిపితే కాస్టిక్ సోడా తయారవుతుంది. ఇది మచ్చ ఎక్కడ ముగిసిందో, మంచి చర్మం ఎక్కడ మొదలైందో ఎరుగదు. పైన కడిగినా లోపలికి దిగుతూనే ఉంటుంది. నల్లమల అడవులలో దొరికే నల్లజీడి సంగతీ ఇంతే. బట్టలపై చెరగని గుర్తు వేసే ఆ రసం చర్మంపై పొక్కులు లేపి పుండు చేస్తుంది. పచ్చి వెల్లుల్లి ముద్దను రాత్రంతా కట్టి ఉంచినా చర్మం కాలుతుంది. మన చామనఛాయ చర్మంలో కాలిన చోట నలుపు గాని తెలుపు గాని ఏళ్ల తరబడి నిలుస్తుంది. కొందరికి గడ్డవలె కీలాయిడ్ పెరుగుతుంది. నువ్వుగింజంత మచ్చను పోగొట్టబోయి రూపాయి బిళ్లంత మచ్చను తెచ్చుకున్న వధువులను నేను చూశాను.

ఈ పొరపాటు మన పల్లెలకే పరిమితం కాదు. ఇంటి వద్ద పుట్టుమచ్చలు తీసే ఏ మందుకూ తాము అనుమతి ఇవ్వలేదంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది.

నన్ను ఆపిన మాట

మచ్చ మిగలడం కంటే పెద్ద ప్రమాదం ఒకటి ఉన్నది. కొన్నేళ్ల క్రితం నాగర్‌కర్నూలు సమీప గ్రామం నుండి అరవై దాటిన రైతు స్త్రీ ఒకామె వచ్చింది. ముక్కు పక్కన కందిగింజంత నల్లని మచ్చ. "రెండేండ్ల కింద లేకుండె సారూ. గోరు తగిలితే నెత్తురొస్తది, పక్కు కడతది, మల్ల ఊడుతది" అన్నది. క్షారం పెట్టి పంపమన్నది. క్షారం నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. కాని "రెండేండ్ల కింద లేకుండె" అన్న మాట నన్ను ఆపింది.

పుట్టుమచ్చలు సాధారణంగా బాల్యంలోను, యౌవనంలోను వస్తాయి. ఆ వయసులో కొత్తగా పుట్టి నెత్తురు కార్చేదానిని పుట్టుమచ్చ అనుకోరాదు. భూతద్దంతో చూస్తే అంచు ముత్యంవలె మెరుస్తున్నది. ఆమెను హైదరాబాదుకు పంపాను. ముక్క తీసి పరీక్షించగా అది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మపు క్యాన్సర్ అని తేలింది. ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు గాని, ఉన్నచోటనే లోతుగా తినివేస్తుంది. మనవారిలో తరచు నల్లగా ఉండి పుట్టుమచ్చను పోలి ఉంటుంది. శస్త్రచికిత్సతో ఆమెకు నయమైంది. ఆ రోజు నేను క్షారం పెట్టి ఉంటే పైపొర మాడి, మచ్చ పోయిందని ఆమె సంతోషించేది. వ్యాధి లోలోపల పెరుగుతూనే ఉండేది.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

మచ్చ సగభాగం ఒక తీరుగా, మిగిలిన సగం మరొక తీరుగా ఉండటం. అంచులు వంకరటింకరగా ఉండటం. ఒకే మచ్చలో పలు రంగులు కనిపించడం. వెడల్పు ఆరు మిల్లీమీటర్లు మించడం. కొద్ది నెలలలోనే పెరగడం, దురద పుట్టడం, నెత్తురు రావడం. వీటిలో ఏది ఉన్నా అది క్యాన్సరే అని భయపడనక్కరలేదు, కాని వెంటనే నిపుణునికి చూపాలి. అరికాలిలో, అరచేతిలో, గోటి కింద కొత్తగా కనిపించే నల్లమచ్చనూ ఉపేక్షించరాదు.

తీయించుకోవడం క్షేమమేనా?

క్షేమమే. పుట్టుమచ్చలలో అత్యధికం నిరపాయకరమైనవి. వాటిని కోసినందువల్ల క్యాన్సర్ పుట్టదు. చర్మవ్యాధి నిపుణుడు తిమ్మిరి సూది ఇచ్చి, ఉబ్బుమచ్చను చర్మానికి సమంగా చెక్కుతాడు, లేదా లోతుగా కోసి కుట్లు వేస్తాడు. ముఖం మీది కుట్లను సాధారణంగా వారం లోపల విప్పుతారు. సన్నని గీత కొంత మిగులుతుంది. చెక్కిన మచ్చ కొందరిలో తిరిగి రావచ్చు. తీసిన ముక్కను పరీక్షకు పంపమని మీరే అడగండి. లేజరుతో మాడ్చితే పరీక్షించడానికి ముక్క మిగలదు, కనుక అనుమానమున్న మచ్చకు లేజరు తగదు. కనురెప్పపై మచ్చను కంటి వైద్యునికే చూపాలి.

గాయం మానేవరకు పసుపు, సున్నం, ఆకుపసర్లు పెట్టకండి. పక్కును గిల్లకండి. మన పాలమూరు ఎండ కొత్త చర్మాన్ని నల్లబరుస్తుంది, కనుక కొన్ని నెలలు కొంగుతోనో, గొడుగుతోనో ముఖాన్ని కాపాడుకోవాలి. పూర్తిగా మానిన తరువాత కొబ్బరినూనె రాసుకోవచ్చు. లగ్నానికి పది రోజుల ముందు పరుగెత్తక, రెండు మూడు నెలల ముందే తీయించుకోవడం మంచిది.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఒకనాటి వలె ప్రతిదానికీ ముందుగా హైదరాబాదు బస్సు ఎక్కనవసరం లేదు. మచ్చను తీయించడమా, ఉంచుకోవడమా అన్నది మీ ఇష్టం. అది ఏమిటో తెలుసుకోకుండా మాత్రం ఎవరి చేతా కాల్పించుకోకండి.