బిగ్ బ్యాంగ్ నాస్తికులు కట్టిన కథ కాదు

"బిగ్ బ్యాంగ్ అనేది దేవుణ్ణి తోసిపుచ్చడానికి నాస్తికులు కల్పించిన కథ. దాన్ని ఒప్పుకున్నవాడు విశ్వాసి కాడు." ఈ మాట యూట్యూబ్ ప్రసంగాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, యువజన కూడికల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. చెప్పినవాళ్లకు ఆమెన్లు దొరుకుతాయి. దెబ్బ మాత్రం ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు తగులుతుంది. కాలేజీలో చెప్పింది పరీక్షలో రాయాలి, ఆదివారం వచ్చేసరికి అదంతా అబద్ధమని తల ఊపాలి. కొందరు సైన్సును మార్కుల కోసం బట్టీ పట్టి, మనసులో దానికి తలుపు మూసేస్తారు. ఇంకొందరు కాస్త పెద్దయ్యాక ఆధారాలు తామే చదువుకుంటారు. ఇన్నాళ్లూ తమకు తప్పు చెప్పారన్న కోపంతో సంఘాన్నీ ప్రార్థననూ ఒకేసారి వదిలేస్తారు. ఈ రెండు నష్టాలూ అనవసరమైనవే. ఎందుకంటే ఆ సిద్ధాంతానికి పునాది వేసిన మనిషి కాథలిక్ గురువు.

అపోహ: బిగ్ బ్యాంగ్ నాస్తికుల సిద్ధాంతం

వాస్తవం: ఫాదర్ జార్జ్ లెమైత్ర్ 1894లో బెల్జియంలోని షార్లరోవాలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశారు. 1923లో గురుపట్టం పొంది, అదే ఏడాది కేంబ్రిడ్జి వెళ్లి ఆర్థర్ ఎడింగ్టన్ దగ్గర చదివారు. ఆ తర్వాత లూవెన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, 1927లో ఐన్‌స్టీన్ సమీకరణాల ఆధారంగా విశ్వం వ్యాకోచిస్తోందని లెక్కగట్టి చూపారు. ఎంత దూరంలో ఉన్న గెలాక్సీ అంత వేగంగా మన నుంచి జరిగిపోతుందని అందులో ఉంది. ఎడ్విన్ హబుల్ ప్రసిద్ధ పరిశీలనలు 1929లో గానీ వెలువడలేదు. అంతకుముందు 1922లో రష్యాలో ఫ్రీడ్‌మాన్ గణితపరంగా ఇలాంటి విశ్వాన్ని ఊహించారు, కానీ దాన్ని గెలాక్సీల కొలతలతో జోడించింది లెమైత్రే. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు ఓటు వేసి, హబుల్ నియమాన్ని హబుల్-లెమైత్ర్ నియమంగా పిలవాలని సిఫారసు చేశారు.

విశ్వం పెరుగుతోందంటే, కాలంలో వెనక్కి వెళ్లేకొద్దీ అది చిన్నదై, చిక్కనై, వేడెక్కాలి. 1931లో 'నేచర్' పత్రికలో అచ్చయిన చిన్న వ్యాసంలో లెమైత్ర్ ఆ చివరి అడుగు కూడా వేశారు. అన్నీ ఒకే ఆదిమ కణం నుంచి మొదలై ఉండాలనీ, స్థలానికీ కాలానికీ అర్థం ఏర్పడింది ఆ తర్వాతేననీ ప్రతిపాదించారు.

మరి దీన్ని ఎదిరించింది ఎవరు? ఐన్‌స్టీన్ మొదట్లో ఒప్పుకోలేదు. లెక్క తప్పు లేకపోయినా ఆ భౌతికశాస్త్రం తనకు మింగుడుపడలేదని ఆయన 1927లో లెమైత్ర్ ముఖం మీదే చెప్పారు. కొన్నేళ్లకు మనసు మార్చుకున్నారు. అసలు ఎదురుదాడి 1948లో కేంబ్రిడ్జిలో మొదలైంది. ఫ్రెడ్ హాయిల్, బోండీ, గోల్డ్ కలిసి, విశ్వానికి ఆరంభమే లేదనే 'స్థిరస్థితి' సిద్ధాంతం తెచ్చారు. హాయిల్ అప్పట్లో నాస్తికులు. విశ్వానికి మొదలుందనడంలో మతం వాసన ఉందని ఆయన బహిరంగంగానే అభ్యంతరపెట్టారు. 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు కూడా 1949లో బీబీసీ రేడియోలో ఆయన నోటినుంచి వచ్చిందే. మన దేశపు జయంత్ నార్లికర్ ఆయన శిష్యుడిగా ఆ పక్షాన దశాబ్దాలు పనిచేశారు. సోవియట్ యూనియన్‌లో 1940ల చివర, ఈ సిద్ధాంతం మతానికి కొమ్ముకాస్తోందని అధికార భావజాలం దానిపై విరుచుకుపడింది. అంటే మన ప్రసంగాల్లో వినిపించే కథ పూర్తిగా తలకిందులైనది. దేవుడికి తావిస్తోందన్న అనుమానంతో ఈ సిద్ధాంతాన్ని కాదన్నవాళ్లలో నాస్తికులు ముందు వరుసలో ఉన్నారు.

ఆ వాదాన్ని తేల్చింది ఎవరి నమ్మకమూ కాదు, కొలతలే. అమెరికాలోని న్యూజెర్సీలో బెల్ ప్రయోగశాల వాళ్ల యాంటెన్నాతో పనిచేస్తున్న పెంజియాస్, విల్సన్‌లకు 1964లో ఆకాశంలో ఏ దిక్కుకు తిప్పినా ఒకే సన్నని రొద వినిపించింది. యాంటెన్నాలోని పావురాల రెట్టలు కడిగినా పోలేదు. అది విశ్వం పుట్టిన దాదాపు 3,80,000 ఏళ్లకు విడుదలైన వెలుగు. చల్లారి చల్లారి ఇవాళ పరమశూన్య ఉష్ణోగ్రతకు 2.7 డిగ్రీల పైన ఉంది. దానికి 1978లో నోబెల్ వచ్చింది. విశ్వంలోని సాధారణ పదార్థంలో బరువు లెక్కన నాలుగోవంతు హీలియం ఉండటం కూడా ఇదే కథ చెబుతుంది. అంత హీలియంను నక్షత్రాలు వండలేవు. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్లు. పెంజియాస్, విల్సన్‌లు కనిపెట్టిన సంగతి లెమైత్ర్‌కు 1966 జూన్‌లో, ఆసుపత్రి మంచం మీద, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు తెలిసింది.

అపోహ: అయితే బిగ్ బ్యాంగ్ దేవుణ్ణి నిరూపించింది

వాస్తవం: మొదటి అపోహ పోగానే చాలామంది ఇక్కడికి దూకుతారు. 1951 నవంబరు 22న పన్నెండో పయస్ పోపు కూడా ఇంచుమించు అలాగే మాట్లాడారు. ఆధునిక ఖగోళశాస్త్రం సృష్టికి సాక్ష్యం పలుకుతోందని పోప్ విజ్ఞాన అకాడమీలో ప్రసంగించారు. దానికి నొచ్చుకున్నవాళ్లలో లెమైత్ర్ ఒకరు. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్తల ముందు పోపు మాట్లాడినప్పుడు ఆ వాదన మళ్లీ రాలేదు. దాని వెనుక లెమైత్ర్ సలహా ఉందంటారు. 1931 నాటి వ్యాసం రాతప్రతి చివర దేవుడి గురించి ఒక పేరా ఉండేది. అచ్చుకు పంపే ముందు లెమైత్ర్ దాన్ని తన చేత్తోనే కొట్టేశారు. తన సిద్ధాంతం మత ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉందని, దేవుణ్ణి కాదనే స్వేచ్ఛను అది నాస్తికుడికి అలాగే ఉంచుతుందని ఆయన చెప్పారు. 1960 నుంచి మరణించేదాకా అదే పోప్ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షులుగా ఉన్నది కూడా ఆయనే. విశ్వాసం తక్కువై అన్న మాటలు కావవి.

ఆయన జాగ్రత్తకు కారణముంది. సృష్టి అంటే మొదటి క్షణంలో ఏం జరిగిందన్న సంగతి మాత్రమే కాదని క్రైస్తవ ఆలోచనలో ఏడువందల ఏళ్లకు పైగా ఉన్న మాట. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్, విశ్వానికి ఆరంభం ఉందని తర్కంతో నిరూపించలేమన్నారు. అది విశ్వాసం వల్ల తెలిసే సంగతి అన్నారు. విశ్వం ఎల్లప్పుడూ ఉన్నదే అయినా, దాని ఉనికికి దేవుడే ఆధారమని కూడా వాదించారు. గాయకుడు గొంతు ఆపితే పాట ఉండదు. పాట ఎన్ని గంటలకు మొదలైందన్నది వేరే ప్రశ్న. టెలిస్కోపు ఆ రెండో ప్రశ్నకే జవాబు వెతుకుతుంది. రేపు బిగ్ బ్యాంగ్‌కు ముందు ఇంకేదో దశ ఉందని తేలినా మొదటి ప్రశ్న అక్కడే ఉంటుంది. ఇవాళ్టి సిద్ధాంతానికి విశ్వాసాన్ని తాడేసి కట్టినవాళ్లే ఆ రోజు చిక్కుల్లో పడతారు.

అపోహ: అన్నిటికీ కారణం ఉంటే దేవుణ్ణి ఎవరు సృష్టించారు?

వాస్తవం: హేతువాద సభల్లో ఈ ప్రశ్న వేసి గెలిచామనుకుంటారు. సంఘంలో వేస్తే పిల్లవాణ్ణి కసురుతారు. రెండూ తప్పే. "అన్నిటికీ కారణం ఉంది" అని క్రైస్తవ సంప్రదాయం ఎన్నడూ అనలేదు. ఉండకపోయే వీలున్నవాటికి, మారేవాటికి కారణం కావాలని అంది. దేవుడు పుట్టినవాడని ఏ సంఘమూ బోధించదు. కాబట్టి "దేవుడి పుట్టుక" అన్నది ఆ విశ్వాసంలో లేని విషయం. అలాంటి దేవుడు ఉన్నాడా లేడా అని వాదించుకోవచ్చు, అది న్యాయమైన వాదన. లేని బోధను ఖండించి ఇంటికి వెళ్లడం వాదన కాదు. సృష్టికి ముందు దేవుడేం చేస్తున్నాడన్న ప్రశ్ననూ దాదాపు క్రీ.శ. 400లో అగస్టీన్ ఓపిగ్గా ఎదుర్కొన్నారు. కాలం కూడా సృష్టిలో భాగమే కనుక దానికి 'ముందు' అనేదే లేదని ఆయన జవాబు. కసరడానికి బదులు ఈ సంగతి చెబితే పిల్లవాడు ఆసక్తిగా వింటాడు.

అపోహ: శూన్యం నుంచి విశ్వం వచ్చిందని సైన్సు నిరూపించింది, ఇక దేవుడు లేడు

వాస్తవం: 2010లో స్టీఫెన్ హాకింగ్, 2012లో లారెన్స్ క్రౌస్ తమ పుస్తకాల్లో ఈ దిశగా రాశారు. అయితే వాళ్లు చెప్పిన 'శూన్యం'లో గురుత్వాకర్షణ నియమమో క్వాంటమ్ క్షేత్రాలో ముందే ఉన్నాయి. అవి ఉన్నచోట ఏమీ లేదనలేం. ఆ నియమాలు ఎందుకున్నాయన్న ప్రశ్న సమీకరణాలకు అందదు. దేవుడు లేడని ఏ ప్రయోగమూ తేల్చలేదు, ఉన్నాడని కూడా తేల్చలేదు.

ఇక మిగతావి. యెహోషువ కాలంలో తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్నది అబద్ధం. కంప్యూటర్లు రాకముందే, 1936 నాటి ఒక అమెరికన్ పుస్తకంలో ఆ తప్పిపోయిన రోజు కథ ఉంది. హిగ్స్ బోసాన్‌కు 'దైవకణం' అన్న పేరు ఒక పుస్తకం శీర్షిక నుంచి వచ్చింది, దేవుడితో సంబంధం లేదు. తరగతిలో నాస్తిక ప్రొఫెసర్‌ను ఓడించాడని ఫార్వర్డుల్లో చెప్పుకునే కుర్రాడు ఐన్‌స్టీన్ కాదు. తాను వ్యక్తిరూప దేవుణ్ణి నమ్మనని ఆయనే ఉత్తరాల్లో రాశారు. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు బిగ్ బ్యాంగ్‌ను కొట్టేయలేదు. తొలి గెలాక్సీలు అనుకున్నదానికన్నా త్వరగా ఎలా పెరిగాయన్న ప్రశ్న మాత్రం లేపింది. క్రీ.పూ. 4004లో సృష్టి జరిగిందన్నది బైబిలు వాక్యం కాదు, 1650లో ఆర్చిబిషప్ అషర్ వేసిన లెక్క. హైదరాబాదు గుట్టల గ్రానైటు వయసే దాదాపు 250 కోట్ల ఏళ్లు.

ఒక్క నమ్మకాన్ని మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేను. "ఆదికాండములో సూర్యుడికన్నా ముందే వెలుగు ఉంది, సైన్సూ అదే చెబుతోంది" అంటారు. సూర్యుడు నాలుగో రోజున వస్తే మొదటిరోజు వెలుగు ఎక్కడిదని ఎగతాళి చేసినవాళ్లకు ఇది జవాబే. తొలి విశ్వంలో వేల ఏళ్లపాటు శక్తిలో అధికభాగం వెలుగు రూపంలోనే ఉంది. 460 కోట్ల ఏళ్ల సూర్యుడికన్నా వెలుగు 900 కోట్ల ఏళ్లు పెద్దది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అదే అధ్యాయంలో వెలుగుకన్నా ముందు నీళ్లున్నాయి, సూర్యుడికన్నా ముందు చెట్లున్నాయి. కలిసినచోట సైన్సు అని, కలవనిచోట మౌనంగా దాటేయడం నిజాయితీ కాదు. ఆ అధ్యాయం ఎవరు సృష్టించారో చెప్పడానికి రాసింది. హీలియం శాతం అందులో వెతకకండి.

పాస్టర్లకు, ఫాదర్లకు నా విన్నపం: సైన్సు ఫార్వర్డును వేదిక మీద చదివేముందు మీ సంఘంలోనే ఉన్న ఫిజిక్స్ టీచరుకు చూపించండి. వీలైతే ఒక యువజన కూడిక ఆయనకే ఇవ్వండి. కలవనివాటిని బలవంతంగా కలపొద్దని, కలవవని భయపెట్టొద్దని ఆయనకు చెప్పండి. తల్లిదండ్రులు, పిల్లవాడు సందేహం అడిగితే విశ్వాసం సడలిందని ఏడవకండి. అడగడం మానేసిన రోజున కంగారుపడండి. విద్యార్థులు, పరీక్షలో 1380 కోట్ల ఏళ్లని రాసినందుకు ఆదివారం క్షమాపణ అడగనక్కర్లేదు. లెమైత్ర్ పొద్దున పూజ చేసి, తర్వాత ఆ లెక్కలే చేశారు.

ఇదంతా విన్నాక కూడా బిగ్ బ్యాంగ్‌ను ఖండించాలనిపిస్తే ఖండించండి, ఆ హక్కు ఎవరికైనా ఉంది. అయితే ఆధారాలతో ఖండించండి. ఆకాశమంతా పరుచుకున్న ఆ 2.7 డిగ్రీల వెలుగు ఎక్కడిదో, ఆ నాలుగోవంతు హీలియం ఎక్కడిదో మీ జవాబు చెప్పండి. అది చెప్పకుండా, ఎదురుగా కూర్చున్న పదిహేడేళ్ల పిల్లలను నీకు దేవుడు కావాలా సైన్సు కావాలా అని అడగకండి.