జానెడు చోటులో గుప్పెడు ఆకుకూర

మదనపల్లె టమోటా మార్కెట్టు పేరు దేశమంతటా తెలుసు. నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పండే కూరగాయలు, పూలు చెన్నైకి, బెంగళూరుకు లారీలెక్కి పోతాయి. అయితే మా ప్రాంతంలో ఇండ్లను దర్శించేటప్పుడు మేము తరచుగా చూచే సంగతి ఒకటుంది. పగలంతా టమోటా కోతకు పోయివచ్చిన తల్లి, రాత్రికి సంగటిలోకి చింతపండు చారుతోనో, ఊరిబిండితోనో సరిపెట్టుకుంటుంది. తోటలో పండింది అంగడికి పోతుంది. ఇంటికి ఆకుకూర కావాలంటే సంత రోజు దాకా ఆగాలి. 2023 జూలైలో మదనపల్లెలో కిలో టమోటా 150 రూపాయలు దాటినప్పుడు, పండించిన ఊళ్లలోనే కూలి ఇండ్లవారు దాన్ని కొనలేకపోయారు.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. మన కంచాలలో అందులో ఎంత ఉన్నదో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

"మాకు పెరడు ఎక్కడిదయ్యా?" అని చాలామంది అడుగుతారు. నిజమే. సెంటున్నర స్థలంలో కట్టిన కాలనీ ఇంటికి పెరడు మిగలదు. కాని వాకిలి పక్క, గోడ వార, మెట్ల మీద నాలుగు తొట్లకు చోటు దొరుకుతుంది. ఐదారు తొట్లతో ఇంటి కూరగాయలన్నీ వస్తాయని మేము చెప్పము. వారానికి ఒకటి రెండు సార్లు పప్పులోకి ఆకు, ప్రతిరోజూ చారులోకి కొత్తిమీర, కరివేపాకు తప్పక వస్తాయి.

ఏ పాత్రలు పనికివస్తాయి?

పగిలిన బకెట్టు, కారే బిందె, పాత నూనె డబ్బా, ఉతికిన యూరియా సంచి, ఏదైనా పనికివస్తుంది. అడుగున నాలుగైదు రంధ్రాలు చేయాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కెన్యా దేశంలో నైరోబి నగరపు కిబేరా మురికివాడలో పేదలు సంచులలోనే ఆకుకూర పెంచుకుంటారు. సంచి నడుమ నీరు దిగడానికి గులకరాళ్లు నిలువుగా పోసి, చుట్టూ మట్టి నింపి, పైననే గాక పక్కలకు కోసిన రంధ్రాలలో కూడా నారు నాటుతారు. రెండడుగుల చోటులో నిలువు తోట తయారవుతుంది.

ఒక్క హెచ్చరిక. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా ఇంటి అవసరానికి వాడవద్దు. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది. ఖాళీ అయిన మందు డబ్బాకు కన్నం పొడిచి, ఎవరూ వాడకుండా చేయండి.

మట్టి, విత్తనం

రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగా చివికిన పేడ ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. పచ్చి పేడ వేస్తే వేడికి మొక్క మాడుతుంది. ఆకుకూరలకు జానెడు లోతు చాలు. మిరప, వంగ, టమోటాలకు అడుగు లోతు కావాలి. బీర, కాకర తీగలకు ఇంకా పెద్ద తొట్టి, ఎక్కడానికి తాడు ఉండాలి.

తోటకూర, మెంతాకు 25 నుండి 30 రోజులలో కోతకు వస్తాయి. పాలకూరను అడుగంటా పెరకక, రెండంగుళాలు వదలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలి. అన్ని తొట్లలో ఒకే రోజు విత్తవద్దు. వారానికొక తొట్టి విత్తితే వారం వారం కోత ఉంటుంది.

మిద్దె మీద పెట్టేవారు బరువు చూచుకోవాలి. తడిమట్టి నిండిన ఇరవై లీటర్ల బకెట్టు సుమారు ముప్పై కిలోలు తూగుతుంది. తొట్లను మిద్దె నడుమ గాక గోడల మీదుగా పెట్టండి. రేకుల కప్పు మీద అసలే వద్దు.

నీరు, పురుగు

బోర్లు ఎండే మన ప్రాంతంలో నీరే పెద్ద చిక్కు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు ఈ తొట్లకు పోయండి. సబ్బు నీళ్లు వద్దు. మట్టిపైన సెనక్కాయ పొట్టు పరిస్తే తేమ ఆరిపోదు. వేలు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. ఎండాకాలంలో మధ్యాహ్నం నీడ కల్పించండి. పేనుబంక కనబడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురుగు కలిపి సాయంత్రం చల్లండి. కోసిన ఆకును బాగా కడిగి వండండి.

ఒక తొట్టిలో బంతి వేయండి. సెప్టెంబరు చివర నారు పోస్తే క్రిస్మస్ నాటికి గుమ్మానికి పూలుంటాయి. పూలకోసం వచ్చే తేనెటీగలు బీర, కాకర పూలకు కూడా మేలు చేస్తాయి.

తినే తీరు

ఆకుకూరలోని ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. వండి దించిన తరువాత నిమ్మరసం పిండుకుంటే కొంత మేలు. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. ఆకుకూర ఉన్నది గదా అని ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు మానవద్దు. ముఖ్యంగా గర్భిణీ స్త్రీలు మాత్రలూ వేసుకోవాలి, కూరా తినాలి. ఇంటిల్లిపాదీ తిన్న తరువాత అడుగున మిగిలింది తల్లికి అనే అలవాటును కూడా మార్చుకుందాము. పండించిన ఆకు ఆమె కంచంలోకి రాకపోతే ఈ శ్రమ వ్యర్థమే.

ఎక్కువ ఖర్చు లేదు. ఈ వారం ఒక పాత బకెట్టుతో, పిడికెడు తోటకూర విత్తనాలతో మొదలుపెట్టండి. పిల్లలకు నీళ్లు పోసే పని అప్పగించండి. ఒక మొక్కను కోయక గింజకు వదలండి. ఆ గింజలు పొట్లం కట్టి పొరుగింటికి ఇవ్వండి. ఊరిలో పది వాకిళ్లు పచ్చబడడానికి అది చాలు.