గణితములో గోథిక్ అక్షరములు

ఉన్నతగణితగ్రంథములను దెఱచిన విద్యార్థులకు విఱుపులతోను గొక్కెములతోను గూడిన వింతయక్షరములు కనఁబడును. ఇవి ఫ్రాక్టూర్ అను జర్మను గోథిక్ అక్షరములు. అలంకారమునకై వచ్చినవి కావు.

కుమ్మరిసారెను దలంపుఁడు. దానిని ద్రిప్పఁగల త్రిప్పుడులన్నియుఁ జేరి యొక సమూహము. దీనిని పెద్ద 'జి'తో వ్రాయుదురు. సారె కదలఁబోవు క్షణమునందలి వేగములన్నియుఁ జేరి దాని 'లీ బీజగణితము'. దీనికి గోథిక్ చిన్న 'జి' గుఱుతు. సామాన్యమైన చిన్న 'జి' యన్ననో, ఒక్క త్రిప్పుడు మాత్రమే. అక్షరము మాఱిన నర్థమే మాఱును. మనకు 'పలము' 'ఫలమ'యినట్లు.

నాజీ ప్రభుత్వము 1941 జనవరిలో నీ లిపిని దొలఁగింప నాజ్ఞాపించెను, గణితజ్ఞులు విడువలేదు. ఆ యేఁటి ఆగస్టులోనే మన యనంతపురమున జన్మించిన ఎం. ఎస్. రఘునాథన్ గారు లీ సమూహములను గూర్చి 1972లో ప్రసిద్ధగ్రంథమును వెలువరించిరి.

పూర్వ మీ యక్షరములకు వేఱు సీసపుటచ్చులు కావలసియుండెను. కనూత్ గారు 1978లో వెలువరించిన 'టెక్' పద్ధతి ననుసరించువారికి నేఁడు 'మ్యాథ్‌ఫ్రాక్' అను నొక్క యాజ్ఞ చాలును.

విద్యార్థులారా! చేతివ్రాతలోఁ గొక్కెములు కుదరనిచో, అక్షరము క్రింద గీఁత గీసి, దాని యర్థమును మొదటనే తెలుపుఁడని మేము కోరుచున్నాము.