పెరటిలో తంగేడు

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. నిజామాబాదు, బోధను ప్రాంతములలో తంగేటికి ఆ మాటయైనను దక్కలేదు. దానిని పెరటిలోనికి పిలిచినవారు అరుదు. పొలముగట్టు, బీడునేల, ఇవే దాని ఇల్లు.

ఆ ఇల్లు క్రమముగా చెదరినది. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము కాలువనీరు తెచ్చినది. 1937లో బోధనున చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఏడాదిపాటు నేలలో నిలిచి నీరు త్రాగు చెఱకునకు, దానితోపాటు వరికిని చోటు కావలసివచ్చి బీళ్ళు సాగులోనికి వచ్చినవి, గట్లు సన్నగిలినవి. కర్మాగారము 2015లో మూతపడినది. కాని వేళ్ళతో పెల్లగింపబడిన తంగేడు తనంత తాను తిరిగి రాదు.

2014లో తెలంగాణము తంగేడును రాష్ట్రపుష్పముగా స్వీకరించినది. అయినను బతుకమ్మ పండుగకు పట్టణపు ఇల్లాలు ఆ పూవును అంగడిలో కొనుచున్నది.

దీనిని పెంచుట కష్టము కాదు. ఎండి గోధుమవన్నె దేరిన చదునైన కాయలనుండి గింజలు తీయవలెను. గింజ పెంకు గట్టిది. వేడినీరు పోసి రాత్రియంతయు నాననిచ్చినచో త్వరగా మొలకెత్తును. తొలకరిలో, ఎండ బాగుగా తగులుచోట విత్తవలెను. నల్లరేగడియైనచో మొరము కలిపి మెరక చేయవలెను. నీరు నిలిచినచో వేరు కుళ్ళును. మొదటి వేసవిలో అప్పుడప్పుడు నీరు పోయవలెను. పిమ్మట వానయే చాలును.

తంగేటిపూవులో తేనె లేదు. అది ఒసగునది పుప్పొడి మాత్రమే. అదియు సులభముగా దొరకదు. పుప్పొడితిత్తులు నిలువునా విచ్చుకొనవు. కొనయందు సన్నని రంధ్రము మాత్రముండును. పెద్ద నల్లతుమ్మెద పూవును పట్టుకొని రెక్కల కండరములను అదరించి ఝుమ్మనును. ఆ అదురునకు పుప్పొడి వెలికి చిమ్మును. కవులకు అలంకారమైన ఆ ఝంకారము తంగేటికి సంతానహేతువు. లేతవన్నె సీతాకోకచిలుకలు దాని ఆకులపై గ్రుడ్లు పెట్టును. పురుగు ఆకు తిన్నదని మందు చల్లినవాడు సీతాకోకచిలుకనే పోగొట్టుకొనును.

కనుక బతుకమ్మకు కోయునప్పుడు కొమ్మకు కొన్ని పూవులు విడువవలెను. అన్నియు కోసినచో తుమ్మెదకు పుప్పొడి లేదు, పొదకు కాయ లేదు, మరుసటి తొలకరికి గింజ లేదు. నీరడుగని ఈ పూవు, ఆటపాటలు ముగిసిన పిమ్మట చెరువునీటిలో కలియును. కొమ్మపై విడిచిన పూవు గింజయై మరల మొలచును. పండుగ నిలుచుటకు ఆ రెండును కావలెను.