వైఫై లోపం ఎక్కడ?

రేడియోలో కేంద్రం సరిగా అందకపోతే గరగర శబ్దం వినిపిస్తుంది. ఇంటర్నెట్ ద్వారా టెలివిజన్‌కు వచ్చే చిత్రంలో అట్టి శబ్దమేదీ ఉండదు. మొదట బొమ్మ మసకబారుతుంది. పిమ్మట నిలిచిపోయి, తెర మధ్య ఒక చిన్న చక్రం తిరగనారంభిస్తుంది. లక్షణాలు వేరైనా, మూలకారణం తరచుగా ఒక్కటే. అది రేడియో తరంగాల బలహీనత. వైఫై కూడా రేడియోయే. రౌటర్ అనే చిన్న పెట్టె ఇంట్లో వెలసిన ఒక బుల్లి ప్రసార కేంద్రం.

అయితే లక్షణాలలో ఈ భేదమెందుకు? రేడియో ప్రసారం అందరికీ ఏకకాలంలో వెళుతుంది. దారిలో పోయిన భాగం పోయినట్లే. వైఫైలో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ఒక పొట్లం అందినదన్న కబురు తిరిగి రాకపోతే, రౌటర్ దానిని మళ్ళీ పంపుతుంది. తరంగం బలహీనమైనకొద్దీ ఈ తిరుగు పంపకాలు హెచ్చుతాయి, వేగం తగ్గుతుంది. టెలివిజన్ రాబోయే చిత్రాన్ని కొంత ముందుగానే నిలవ చేసుకుంటుంది. ఆ నిలవ తరిగినప్పుడు తక్కువ స్పష్టత గల చిత్రాన్ని కోరుతుంది, మసకకు కారణమదే. నిలవ పూర్తిగా అడుగంటితే చక్రం ప్రత్యక్షమవుతుంది.

ఈ స్థితిలో చాలామంది చేసే పని నెలసరి రుసుము పెంచి ఎక్కువ వేగం కొనుక్కోవడం. 50 మెగాబిట్ల కనెక్షన్ 100 అవుతుంది, 200 అవుతుంది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ సూచన ప్రకారం పూర్తి హెచ్.డి. చిత్రానికి సెకనుకు 5 మెగాబిట్లు, 4కె చిత్రానికి 15 మెగాబిట్లు చాలును. కనుక డబ్బు వెచ్చించక పూర్వం, లోపం ఏ తావున ఉన్నదో నిర్ణయించుకోవడం వివేకం.

చిత్రం మన తెరను చేరడానికి మూడు మజిలీలు ఉన్నాయి. మొదటిది కంపెనీ నుండి రౌటర్ వరకు వచ్చే తీగ. రెండవది రౌటర్ నుండి టెలివిజన్ వరకు గల గాలి మార్గం. మూడవది టెలివిజన్ యంత్రమే. ఈ మూడింటినీ వరుసగా పరీక్షించవచ్చు.

చిత్రం ఆగే వేళనే పరీక్ష చేయవలెను. తెల్లవారుజామున చేస్తే ప్రయోజనం లేదు. ముందుగా సెల్‌ఫోన్‌తో రౌటర్‌కు రెండు గజాల దూరంలో నిలబడి వేగం కొలవండి. లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి కొలిస్తే మరీ మంచిది. వచ్చిన అంకె మీరు కొన్న వేగానికి దగ్గరగా ఉంటే కంపెనీ తీగ బాగున్నట్లే. తరువాత అదే ఫోన్‌ను టెలివిజన్ పక్కన పెట్టి మళ్ళీ కొలవండి. రౌటర్ వద్ద 80 ఉన్న వేగం ఇక్కడ 4కు పడిపోతే లోపం గాలి మార్గంలో ఉన్నది. రెండు చోట్లా వేగం బాగుండి టెలివిజన్ మాత్రమే తడబడుతుంటే, దాని ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. అందులోని సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి.

చాలా ఇళ్ళలో లోపం బయటపడేది రెండవ మజిలీలోనే. మీడియం వేవ్ తరంగాల పొడవు వందల మీటర్లు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగానిది అందులో సగం కంటె తక్కువ. ఇంత పొట్టి తరంగాలు అతి స్వల్పమైన శక్తితో బయలుదేరి గోడ గోడకూ నీరసిస్తాయి. ఇనుప చువ్వలు గల కాంక్రీటు వాటిని బాగా అడ్డగిస్తుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వెనుకకు త్రోసివేస్తాయి. చేపల తొట్టిలోని నీరు పీల్చుకుంటుంది. మన ఇళ్ళలో రౌటర్ స్థానాన్ని నిర్ణయించేది తరచుగా తీగ లాగిన పనివాడు. అతడు వీధి గుమ్మం దగ్గర ఆపితే అక్కడే, చెప్పుల అర వెనుక ఆపితే అక్కడే అది స్థిరపడిపోతుంది.

ఇక బ్యాండ్ల సంగతి. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో విశాలమైన భాగాన్ని 2018లో లైసెన్సు లేకుండా వాడుకునే వీలు ప్రభుత్వం కల్పించింది. లైసెన్సు లేని చోట ఎవరికీ ప్రత్యేక హక్కు ఉండదు. అపార్టుమెంటులో ఇరుగు పొరుగు రౌటర్లన్నీ ఆ కొద్ది తావులోనే మాట్లాడుకోవలెను. 2.4లో ఒకదానితో ఒకటి కలియని ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ దాపునే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో తావు ఎక్కువ, వేగం ఎక్కువ. కాని గోడలు దాటే శక్తి తక్కువ. కనుక టెలివిజన్ రౌటర్ ఉన్న గదిలోనో, ఒక్క గోడ అవతలనో ఉంటే 5. దూరపు గదిలో ఉంటే 2.4 మేలు.

నివారణోపాయాలను ఖర్చు లేని వాటితో మొదలుపెట్టడం మంచిది. రౌటర్‌ను అరలోనుంచి తీసి, ఇంటి నడుమ, నిలబడిన మనిషి ఛాతీ ఎత్తున, లోహ వస్తువులకు దూరంగా ఉంచండి. దాని కొమ్ములను నిటారుగా నిలపండి. తరంగాలు కొమ్ము చుట్టూ పక్కలకు బాగా వ్యాపిస్తాయి, కొన దిశగా తక్కువ. మేడమీదికి అందవలెనంటే ఒక కొమ్మును అడ్డంగా వాల్చి చూడండి. టెలివిజన్ వెనుక చిన్న స్ట్రీమింగ్ పరికరం దాగి ఉంటే, పొట్టి హెచ్.డి.ఎం.ఐ. కేబుల్‌తో దానిని పక్కకు తేవాలి. టెలివిజన్ లోపలి లోహపు రేకే దానికి అడ్డుగోడ. ఇవి ఫలించకపోతే రౌటర్ నుండి టెలివిజన్‌కు నేరుగా ఈథర్‌నెట్ కేబుల్ వేయించండి. తీగకు ఈ చిక్కులేవీ లేవు; 100 మీటర్ల వరకు అది నమ్మదగినది.

కేబుల్ వీలుకాని ఇళ్ళకు రిపీటర్ ఒక మార్గం. దానిని తరంగం అందని గదిలోనే పెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. తనకు సరిగా వినబడనిది అది ఇతరులకెలా చెప్పగలదు? తరంగం ఇంకా బలంగా ఉన్న నడిమి చోటే దాని స్థానం. ఒకే బ్యాండులో వింటూ, తిరిగి చెప్పే రిపీటర్ వద్ద వేగం సుమారు సగానికి తగ్గుతుందని గుర్తుంచుకోండి.

రౌటర్ పక్కనే కొలిచినా వేగం తక్కువగా వస్తే, అప్పుడు కంపెనీ వారిని పిలవవచ్చు. మూడు సాయంత్రాల పాటు వేళను, రౌటర్ వద్ద వచ్చిన అంకెను, టెలివిజన్ వద్ద వచ్చిన అంకెను కాగితంమీద వ్రాసి ఉంచండి. ఎక్కువ రుసుము గల పథకానికి మారమని వారు సలహా ఇస్తే, మొదట ఆ కాగితం చూపించండి.